కొళాయి దగ్గర మా అత్త

నా చిన్నప్పుడు మా పేటకి దారి లేదని అందరూ అనేవారు. మాకు మాత్రం ఆ సంగతి తెలియదు. మా కాళ్లకి తెలిసిన దారి ఒకటుండేది. సముద్రం ఒడ్డున బయల్దేరి, ఇసక దిబ్బలు దాటి, సరుగుడు తోటలోంచి నడిచి, ఆ తర్వాత వరిచేల గట్లు పట్టుకుని పోతే పట్నం వచ్చేది. మా ఆడవాళ్లు తలమీద చేపల గంప పెట్టుకుని తెల్లారేసరికి ఆ దారిన పడేవారు. అమ్ముకుని, ఉప్పూ పప్పూ కొనుక్కుని, పొద్దు వాలే వేళకి ఇంటికి వచ్చేసేవారు. బస్సు ఎక్కాలంటే భోగాపురం వైపు నడవాలి గాని, బస్సుతో మాకేం పని? ఇన్ని కాళ్లు నడిచిన దారిని దారి కాదంటారని నాకు తెలిసింది అరవైల చివర్లో, కలరా వచ్చిన ఏడాది. అప్పటికి నేను పలకా బలపం పట్టుకుని పక్క ఊరి బడికి వెళ్లొచ్చే పిల్లని.

మా అత్త మా నాన్నకి అక్క. మా పక్క గుడిసే వాళ్లది. పిల్లలు లేరు కాబట్టి సగం నేను ఆవిడ పిల్లనే. పొడుగు మనిషి. మా వైపు ఆడవాళ్లకుండే అడ్డపొగ అలవాటు ఆవిడకీ ఉండేది. చుట్ట నిప్పుని నోట్లోపల పెట్టుకుని, బేరగాళ్లతో ఆ పళ్ల మధ్యనుంచే మాట్లాడేది. ఆవిడ నోరంటే సంతలో అందరికీ భయం. మా మావ దానికి పూర్తిగా ఎదురు. వల బాగు చేసుకుంటూ కూర్చుంటే మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు. అత్త పట్నంనుంచి రాగానే ఆయన అడిగే మాట ఒక్కటే, "తిన్నావా" అని. ఎంతకి అమ్మావనీ, ఏం తెచ్చావనీ ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. మా పేటలో నూతులు లేవు. ఇసకలో చెలమలు తవ్వుకుని, ఊరిన మంచినీళ్లు తోడుకునేవాళ్లం. వానకి పైనున్న చెత్తంతా కొట్టుకొచ్చి ఆ చెలమల్లో చేరింది. ముందు ఒక ముసలామె పోయింది. పెద్దది, పోయిందిలే అనుకున్నారు. ఆ వెనకే ఇద్దరు చంటిపిల్లలు పోయారు. ఆ తర్వాత ఇల్లిల్లూ వాంతులు, విరేచనాలు. పొద్దున్న తెప్ప తోసిన మనిషి సాయంత్రానికి కళ్లు లోపలికి పోయి, గొంతు పీక్కుపోయి, గుర్తుపట్టలేకుండా అయిపోయేవాడు. అమ్మవారికి కోపం వచ్చిందని పెద్దలు పసుపునీళ్ల ముర్రాటలు పోశారు, కోడిని కోశారు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను. మందు ఉందని చెప్పినవాళ్లు గాని, తెచ్చి చూపించినవాళ్లు గాని లేనప్పుడు మనిషి ఎవర్ని అడుగుతాడు?

ఆ జబ్బు ఎక్కడో ద్వీపాల్లో మొదలై, ఓడలెక్కి, దేశాలన్నీ తిరుగుతూ మా దాకా వచ్చిందని పెద్దయ్యాక చదువుకున్నాను. ప్రపంచం ఆ చివరనుంచి బయల్దేరిన జబ్బుకి మా పేట దారి దొరికింది. పక్కనే ఉన్న పట్నంనుంచి మందుకి దొరకలేదు. 

మొదట్లో ఒక రోజు అత్త నన్ను పట్నం సంతకి తీసుకెళ్లింది. అక్కడ బడి ముందు జనం బారులు తీరి ఉన్నారు. సూదిమందు వేస్తున్నారట. నూతుల్లో మందుపొడి వేసినట్టున్నారు, వీధంతా ఘాటైన వాసన. అత్త గంప దింపి, నన్ను పట్టుకుని ఆ వరసలో నిలబడింది. మా వంతు వచ్చేసరికి బల్ల దగ్గరున్నాయన ఏ ఊరని అడిగాడు. అత్త పేట పేరు చెప్పింది. మీకు ఇక్కడ కాదు, మీ ఊరికే వచ్చి వేస్తారు, వెళ్లమన్నాడు. అత్త నమ్మింది. ఇంటికొచ్చి అందరికీ చెప్పింది, డాక్టర్లు వస్తన్నారు, ఎవరూ తెప్పలు తియ్యకండి అని. ఆ రోజుల్లోనే నెల్లిమర్లలో గోనెసంచుల మిల్లుకి వెళ్లే మా అమ్మ తమ్ముడు ఎవరిచేతో కబురు చేశాడు. వాళ్ల వీధిలో అందరికీ సూదులు వేసేశారట, మీకూ వేశారు గదా అని. అమ్మ ఆ కబురు విని వాకిట్లోకి వచ్చి సరుగుడు తోట వైపు చూస్తూ నిలబడింది.

జీపు వచ్చింది. వచ్చిన మాట నిజమే. సరుగుడు తోట అవతల ఇంజను చప్పుడు వినగానే పిల్లలందరం పరిగెత్తాం. గట్టినేల అయిపోయి ఇసక మొదలయ్యే చోట ముందు చక్రం దిగబడి ఉంది. వెనక సీటులో మూతేసిన పెట్టెలున్నాయి. ముందు కూర్చున్నాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిబ్బల వైపు చూశాడు. దిబ్బమీదనుంచి మా గుడిసెల కప్పులు కనిపిస్తున్నాయి. మా నాన్నా, ఇంకొందరు మగవాళ్లూ వచ్చి చక్రాన్ని పైకెత్తారు. పెట్టెలు మేం మోస్తాం బాబూ, మీరు నడిచి రండి అని చేతులు జోడించారు. చక్రం పైకి వచ్చాక డ్రైవరు బండి వెనక్కి తిప్పాడు. దారి బాగాలేదు, మళ్లీ వస్తాం అన్నారు. వెళ్లేముందు మందుపొడి డబ్బా ఒకటి కింద పెట్టారు. దిగబడిన చక్రాన్ని ఎత్తింది మా వాళ్లే. ఎత్తకుండా ఉండాల్సింది అని అత్త ఆ తర్వాత ఎన్నోసార్లు అంది.

మావ పడిపోయింది ఆ మర్నాడే. తెల్లవారుజామున మొదలైతే ఎండ ఎక్కేసరికి వేళ్లు ముడతలు పడిపోయాయి, రోజంతా నీళ్లలో నానబెట్టినట్టు. తెరచాప గుడ్డని గెడకి కట్టి, అందులో ఆయన్ని పడుకోబెట్టి, మా నాన్నా ఇంకో ముగ్గురూ భుజాలు మార్చుకుంటూ పట్నం బయల్దేరారు. అత్త పక్కన నడిచింది. నీళ్లచెంబు పట్టుకుని నేను వెనక. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

పట్నం మొదట్లో రోడ్డుకి అడ్డంగా వెదురుగడ కట్టి ఉంది. ఒక కానిస్టేబులూ, ఖాకీ నిక్కరేసుకున్న శానిటరీ మేస్త్రీ ఒకతనూ అక్కడ కుర్చీలేసుకున్నారు. కలరా ఊళ్లవాళ్లని లోపలికి రానివ్వకూడదని పైనుంచి చెప్పారట. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం బాబూ అని నాన్న చెప్పాడు. మేస్త్రీ పేట పేరడిగి, తల అడ్డంగా ఊపాడు. మీ పేట ఈ ఆస్పత్రి కిందకి రాదు, మీది అటు తాలూకా, అక్కడికి తీసుకెళ్లండి అన్నాడు. అతను చెప్పిన చోటికి నడిస్తే మర్నాడు చేరతాం.

అత్త అంతవరకూ మాట్లాడలేదు. అప్పుడు చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇన్నేళ్లనుండి మా సేపలు తింతన్నారు గదా బాబూ. ఏ తాలూకా సేపని ఒక్కనాడూ అడగనేదు. మనిసికెందుకు అడుగుతన్నారు?"

మేస్త్రీ రోడ్డు వైపు చూశాడు. కానిస్టేబులు మాత్రం తల దించుకున్నాడు. అతనికి మనసు లేకపోలేదు. ఆ వెదురుగడ అతను కట్టింది కాదు.

మేం అక్కడ బతిమాలుతుండగానే మా వెనకనుంచి నల్లకారు ఒకటి వచ్చింది. వెనక సీటులో ఒకాయన తువ్వాలు పరుచుకుని ఒరిగిపోయి ఉన్నాడు. అదే జబ్బు, కిటికీలోంచి వచ్చిన వాసన మాకు తెలియనిది కాదు. అదెవరో షావుకారుగారి బండి, మాకన్నా దూరపు ఊరినుంచి వస్తోంది. మేస్త్రీ లేచి గడ పైకెత్తాడు. కారు వెళ్లాక గడ మళ్లీ దింపాడు. ఆయన తాలూకా ఎవరూ అడగలేదు.

మావని రోడ్డుపక్క చింతచెట్టు నీడలోకి మార్చాం. అక్కడినుంచి ఆస్పత్రి పెంకులు కనిపిస్తూనే ఉన్నాయి. అత్త ఆయన తల ఒళ్లో పెట్టుకుని చెంబులో నీళ్లు చుక్క చుక్కగా పోసింది. లోపలికి వెళ్లిన నీళ్లు నిలవలేదు. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి ఆవిడ ముఖం చూసి, వినీ వినపడని గొంతుతో అలవాటు ప్రకారం అడిగాడు, తిన్నావా అని. తిన్నాను అని అత్త అబద్ధం చెప్పింది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. ఆస్పత్రిలో ఏదో గంట కొట్టారు, అది మాకు వినిపించింది. ఆ గంట ఆగేలోపు మా నాన్న గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు.

అత్త ఏడవలేదు. ఆ తెరచాప గుడ్డలోనే ఆయన్ని తిరిగి మోసుకొచ్చి దిబ్బల వెనక పాతిపెట్టారు. పసుపూ కుంకం తీసే తంతు జరపడానికి వచ్చిన ముసలమ్మల్ని అత్త తర్వాత రమ్మంది. తర్వాతంటే ఎప్పుడని అడిగితే, పని ఉన్నాది అంది.

మర్నాడు పొద్దున్నే మా అమ్మ పడింది.

అమ్మ రెండోసారి బయటికి వెళ్లొచ్చి గుమ్మంలో కూలబడగానే, నాన్న గెడా గుడ్డా వెతకడం మొదలుపెట్టాడు. అత్త వచ్చి ఆ గెడ ఆయన చేతిలోంచి లాగేసింది. ఆ చింతచెట్టు కిందకేనా మళ్లీ మోస్తావు అని అడిగింది. నాన్నని అమ్మ దగ్గరే ఉండమంది. ఉప్పేసిన గంజి కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఉండు, కక్కినా తాగించు అంది. తర్వాత చెయ్యి చాచి నన్ను పిలిచింది.

"నువ్వు నాతో రాయే. ఈ ఇంట్లో ఏటైందో నీ నోటితో సెప్పాల."

ఇళ్ల ముందు నిలబడి ఆడవాళ్లని కేకేసింది. ఒంట్లో బాగున్నవాళ్లు మాత్రమే రావాలి. జీపువాళ్లు వదిలేసిన మందుపొడి నీళ్లలో కలిపి అందరిచేతా మోచేతులదాకా, మోకాళ్లదాకా కడిగించింది. నా చేతులు ఆవిడే రుద్దింది, చర్మం మండిపోయేదాకా. గంపలు తెమ్మంది. వేటకి ఎవరూ వెళ్లలేదు గదా, గంపల్లోకి ఏముందని ఒకామె అడిగింది. ఉత్త గంపలే తెమ్మంది. "నిన్నటిదాకా దండం పెట్టి అడిగినాం. ఇంక దండం నేదు" అంది.

రోడ్డుమీదకి మేం వెళ్లలేదు. వరిచేల గట్లమీద, కళ్లాలవెనకనుంచి, మాకు మాత్రమే తెలిసిన అడ్డదారుల్లో పట్నం సంతలోకి వెనకనుంచి చేరాం. వెదురుగడ కట్టినవాళ్లకి చేపలు ఏ దారిన తమ కంచాల్లోకి వస్తాయో తెలియదు. తెలిసుంటే అక్కడా ఒక గడ కట్టేవారు. దారి పొడుగునా అత్త నా మణికట్టు పట్టుకునే ఉంది. ఎక్కడా వదల్లేదు.

సంత మధ్యలో మునిసిపాలిటీ కొళాయి ఒకటుండేది. అప్పటికి బిందెలు వరసలో ఉన్నాయి. ఎప్పుడూ పక్కగా గోనెపట్టాలమీద కూర్చునే మా ఆడవాళ్లు ఆ రోజు కొళాయి చుట్టూ కూర్చున్నారు. ఉత్త గంపలు ముందు పెట్టుకున్నారు. చేపలకోసం ఒక ముత్తయిదువ వంగి గంపలోకి చూసింది. ఏం తెచ్చావే ఇవాళ అని అడిగింది.

"సేపలు నేవమ్మా. ఇయ్యాల కలరా తెచ్చినాం" అంది అత్త.

ఆమె చేతిలో సంచి కింద పడిపోయింది. తీసుకోకుండానే వెనక్కి నడిచింది. ఆ మాట సంతంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. బిందెలు వదిలేసి జనం దూరం జరిగారు. కొట్లవాళ్లు తలుపులు దగ్గరికి లాగారు. ఒక వలయంలాగా మా చుట్టూ ఖాళీ ఏర్పడింది. రోజూ మా దగ్గర బేరమాడి, నవ్వి, కొసరు అడిగిన మనుషులే అంతా. నాకు ఏడుపొచ్చింది. అత్త నా చెయ్యి మరింత గట్టిగా పట్టుకుంది.

పెద్ద ఆఫీసరు వచ్చాడు. టోపీ, కళ్లజోడు. వెనక పోలీసులు. ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని, లేవండి, లేకపోతే అందర్నీ లోపల వేయిస్తాను అన్నాడు.

"ఏయించండి బాబూ. జైల్లో డాక్టరుంటాడంట గదా" అంది అత్త.

ఆయన పోలీసుల వైపు చూశాడు. పోలీసులు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. మమ్మల్ని లోపల వెయ్యాలంటే ముందు మమ్మల్ని ముట్టుకోవాలి. ఒక్కడూ అడుగు ముందుకు వెయ్యలేదు.

అప్పుడు అత్త లేచి నిలబడింది. చుట్ట తీసి పారేసింది. ఆవిడ అరుస్తుందని అనుకున్నాను, సంతలో బేరానికి అరిచేలాగ. అరవలేదు.

"మా పేటకి దారి నేదన్నారు. సరే, దారి ఉన్న కాడికి మేమే వొచ్చినాం. నిన్న నా మనిసి మీ గడ కాడ సచ్చిపోనాడు. ఇదిగో, ఈ గుంట తల్లి ఇయ్యాల పడిపోనాది. సెప్పవే."

నేను చెప్పాను. మా అమ్మ గుమ్మంలో పడిపోయిందనీ, కళ్లు లోపలికి పోయాయనీ, నాన్న గంజి పోస్తున్నాడనీ చెప్పాను. అంతమంది ముందు మాట్లాడటం నాకు అదే మొదలు.

"ఇన్నారు గదా" అంది అత్త. "పొద్దు తిరిగేలోగా మందూ డాక్టరూ మా పేటకి రావాల. రాకపోతే పడిపోయినోళ్లందరినీ మోసుకొచ్చి ఇక్కడే పడుకోబెడతాం. ఈ కొళాయే తిప్పుతాం. ఈ నీళ్లే తాగుతాం. ఈ గట్టుమీదే సేతులు కడుగుతాం."

అని తన కుడిచెయ్యి కొళాయి వైపు చాచింది. ముట్టుకోలేదు. జానెడు ఎడంలో ఆపింది.  వలయం ఇంకొంచెం పెద్దదైంది.

పంపెయ్యండి సార్, డాక్టర్ని వాళ్ల పేటకి పంపెయ్యండి అని ముందుగా అన్నది బెల్లం కొట్టాయన. ఆ వెనక బట్టలకొట్టు ఆయన. తర్వాత అందరూ. మందు లేక మేం చచ్చిపోతున్నామని నెలరోజులుగా తెలిసిన ఊరది. ఒక్కరు ఒక్క మాట అడగలేదు. కొళాయికి జానెడు దూరంలో ఒక చెయ్యి ఆగేసరికి ఊరంతా మా తరఫున మాట్లాడింది. ఆఫీసరు టోపీ తీసి, తల తుడుచుకుని, సరే అన్నాడు. బండి బయల్దేరిందని కళ్లతో చూశాకే అత్త మమ్మల్ని లేపింది.

మేం అడ్డదారిన ఇల్లు చేరేసరికి జీపు ఇసక దగ్గరుంది. ఈసారి వెనక్కి తిరగలేదు. తాటాకులు నరికి చక్రాల కింద పరిచారు. అది కుదరని చోట పెట్టెలు దింపి మా మగవాళ్లు కావిళ్లకెత్తుకున్నారు. ఒక కుర్ర డాక్టరు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని దిబ్బలెక్కి వచ్చాడు. తీరా చూస్తే అన్నీ ఉన్నాయి. మనుషులున్నారు, బండి ఉంది, సీసాలున్నాయి. దారి కూడా ఉంది. తలుచుకుంటే ఒక్క పూటలో దొరికిన దారి.

వలలు ఆరబెట్టే పాకలో రోగుల్ని వరసగా పడుకోబెట్టారు. తెడ్లు నిలబెట్టి వాటికి సీసాలు కట్టారు. సీసాలోంచి గొట్టం, గొట్టం చివర సూది, సూది అమ్మ చేతిలో. అమ్మ అప్పటికి పిలిస్తే పలకడం మానేసింది. ఒక సీసా దిగింది. ఇంకొకటి కట్టారు. అది సగం దిగేసరికి అమ్మ బుగ్గలు కొంచెం పైకి వచ్చాయి. నా పేరు పెట్టి పిలిచింది. ఆ గొంతు నేను మర్చిపోలేను. ఆ రోజు ఆ పాకలో పడుకున్నవాళ్లలో దాదాపు అందరూ బతికారు. అంతకుముందు పోయినవాళ్లు దిబ్బల వెనక ఉన్నారు.

కుర్ర డాక్టరు మంచివాడు. అన్నం ముట్టకుండా పని చేశాడు. కాస్త తెరిపి దొరికాక అత్తతో అన్నాడు, ఇంత మంది పడ్డారని ముందే చెప్పాల్సింది కదమ్మా అని.

"సెప్పినాం బాబూ. మీకు ఇనపడేలాగ సెప్పడం ఇయ్యాలే తెలిసింది" అంది అత్త.

అతను అమ్మ సీసా సరిచూడటానికి వెళ్లాడు. అత్త ఆ సీసా వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపు చూశాక అడిగింది, ఈ సీసాలో ఏటుంటాది బాబూ అని. అతను కొంచెం తడబడి, ముఖ్యంగా ఉప్పూ నీళ్లేనమ్మా, శుభ్రం చేసి సరిగ్గా కలిపి ఉంటాయి, ఒంట్లోంచి పోయినవి తిరిగి ఎక్కిస్తాం, అంతే అన్నాడు.

"ఉప్పూ నీళ్లూనా" అంది అత్త.

మళ్లీ అడిగింది. అతను అవునన్నాడు. అత్త లేచి పాకలోంచి బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. ఒడ్డుదాకా నడిచి, సముద్రం ఎదురుగా చతికిలబడింది. మావ పోయినప్పటినుంచీ బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటపడింది. అది ఏడుపని అనలేను. గొంతులోంచి ఏదో పెకిలించి తీస్తున్నట్టు ఉంది. ఇసకని గుప్పిళ్లతో ఎత్తి నీళ్లలోకి విసిరింది. ఉప్పునీళ్లకి, ఉప్పునీళ్లకి నా మనిసిని సంపేసినారు అని మాత్రం నాకు అర్థమైంది. ఎదురుగా అంతులేని ఉప్పునీళ్లు. నేను భయపడి ఆవిడ వీపుమీద పడుకుని గట్టిగా పట్టుకున్నాను.

కలరా సద్దుమణిగాక చాలా రోజులకి, గంప పక్కన కూర్చుని ఆవిణ్ణి అడిగాను. డాక్టరు రాకపోతే నిజంగానే ఆ కొళాయి ముట్టుకునేదానివా అత్తా అని. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"సీ, ఎలాగ ముట్టుకుంతానే? ఆ నీళ్లు ఆ ఊరి సిన్నగుంటలు తాగరా? నీ సెయ్యి నానెందుకు ఒగ్గనేదు మరి? నువ్వెక్కడ ముట్టుకుంతావో అని."

నాకు అప్పుడు తెలిసింది. మోచేతులదాకా రుద్ది కడిగించడం, నా మణికట్టు మీద వేళ్ల గుర్తులు పడేదాకా పట్టుకోవడం, అదంతా ఆ ఊరి పిల్లలకోసం. మొగుణ్ణి పోగొట్టుకుని ఒక రోజైనా కాకముందే, గడ అడ్డం పెట్టిన ఊరి పిల్లలకి ఏమీ కాకూడదని ఆవిడ జాగ్రత్త పడింది. వాళ్లు మాత్రం ఆవిడ ముట్టుకుంటుందనే నమ్మారు. నమ్మబట్టే డాక్టరు వచ్చాడు. మేమూ మనుషులమని వాళ్లు ఒక్క క్షణం తలచుకున్నా ఆ బెదిరింపు ఉత్తదని తెలిసిపోయేది. అలా తలచుకోరని అత్తకి తెలుసు. ఆవిడ ఆ ధైర్యం మీదే వెళ్లింది. అంతకంటే చేదైన ధైర్యం నేను జీవితంలో చూడలేదు.

మా అమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. నన్ను చదివించింది. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడెక్కడి ఊళ్లలోనో, పాతపట్నం అవతల కొండల దగ్గర కూడా, పనిచేశాను. ప్రతిచోటా ఒక పేట ఉండేది, దారి లేని పేట. అమ్మ బతికినందుకు ఎవరికైనా కృతజ్ఞత చెప్పాలని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ కుర్ర డాక్టరుకి చెప్పాను, దిబ్బలు ఎక్కినందుకు. ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదు. అమ్మకి ఎక్కించిన సీసా ముందురోజు కూడా ఆ ఆస్పత్రిలోనే ఉంది.

పెద్దదాన్నయ్యాను, కోపం తగ్గించుకోమని పిల్లలు చెబుతుంటారు. రక్తపోటు మాత్రలు ఇస్తుంటారు. మొన్న కరోనా వచ్చినప్పుడు నేను పేటలోనే ఉన్నాను. టీవీలో పెద్ద పట్నాల్లో టీకాలు వేయించుకుంటూ ఫోటోలు దిగుతున్నారు. మా పేటకి ఎప్పుడొస్తారో చెప్పేవాళ్లు లేరు. ఫోనులో పేరు రాయించుకోవాలట, ఫోనుకి సిగ్నలు కావాలట, సిగ్నలుకి దిబ్బ ఎక్కాలట. నేను దిబ్బ ఎక్కాను. కర్ర పట్టుకుని ఎక్కి, నెంబరు సంపాదించి, ఆఫీసుకి ఫోను చేశాను. అవతల కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. మీ ఊరు బాగా దూరం కదమ్మా, కొంచెం ఓపిక పట్టండి అన్నాడు.

"ఎవరికి దూరం బాబూ? మేం ఇక్కడే ఉన్నాం" అన్నాను.

 అతను ఫోను పెట్టేశాడు. నేను ఆ ఇసకలోనే కూర్చుని మళ్లీ చేశాను.